కార్ఖానా రోడ్డు కొలతకు సైకిలు

దర్జీకి కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నట్టు సైకిలు చేయించుకునేవాళ్లు ఇప్పుడు హైదరాబాద్ నగరంలో కనిపిస్తున్నారు. కాలి పొడవు, చేతి పొడవు, నడుము వంగే తీరు కొలిపించుకుని, ఫ్రేము ఒకచోట నుంచి, చక్రాలు మరోచోట నుంచి తెప్పించి, నచ్చిన రంగు వేయించి బిగించుకున్న కస్టం బండి అది. ఖర్చు లక్షల్లోకి పోతుంది. చూడముచ్చటగా ఉంటుంది, తొక్కితే తేలిపోతుంది. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. కాకపోతే అదే బండి మీద ఆఫీసు సంచి తగిలించుకుని రోజూ కార్ఖానా నుంచి జేబీఎస్‌కో, తిరుమలగిరికో, బోయిన్‌పల్లికో పోయి రావాలనుకునేవారికి ఒక మాట చెప్పాలి. ఆ పనికి దాన్ని పక్కనబెట్టి, తొంభైల నాటి ఉక్కు మౌంటెన్ బైకు ఒకటి వెతికి తెచ్చుకోవడం మేలు. డబ్బు మిగలడం ఇందులో చిన్న కారణం. కొలత తప్పుచోట తీశారన్నది అసలు కారణం. రోజువారీ సైకిలు ముందుగా సరిపోవాల్సింది రోడ్డుకు, ఆ రోడ్డు పక్కన కూర్చున్న మెకానిక్ చేతికి, పొద్దంతా దాన్ని ఆనించి ఉంచే గోడకు. మనిషికి సరిపోవడం ఆ తర్వాతి సంగతి. పైగా అది సులువైన సంగతి.

ముందు రోడ్డు చూద్దాం. కార్ఖానా మీదుగా పోయేది రాజీవ్ రహదారి, అంటే రాష్ట్ర రహదారి 1. జేబీఎస్‌లో, అంటే జూబ్లీ బస్ స్టేషన్‌లో బయల్దేరిన సిద్దిపేట, కరీంనగర్ బస్సులు ఈ దారినే పడతాయి. వాటితో పాటు సిటీ బస్సులు, షేర్ ఆటోలు, శామీర్‌పేట అవతలి పరిశ్రమలకు పోయే కంపెనీ బస్సులు. ఇవన్నీ పోగా ఎడమ అంచున మిగిలే జానెడు జాగా సైకిలుది. మ్యాన్‌హోలు మూతలు, వానకు కొట్టుకొచ్చిన కంకర, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గాడి, సవారీ కోసం ఆగిన ఆటో, అన్నీ ఆ జానెడులోనే ఉంటాయి. ఇక మీదట ఇదే దారిలో శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్ రావాలి. 2024 మార్చిలో దానికి శంకుస్థాపన జరిగింది. స్తంభాలు లేచేటప్పుడు కింద రోడ్డు ఎలా ఉంటుందో మెట్రో కట్టిన ఏళ్లలో ఈ నగరానికి బాగానే తెలిసొచ్చింది. రహదారి వద్దనుకుని కంటోన్మెంట్ లోపలి దారులు పడితే చెట్ల నీడ ఉంటుంది, రద్దీ తక్కువ. కానీ కొన్నిచోట్ల గేట్లుంటాయి. పద్ధతి ప్రకారం కాకుండా మూసిన దారులు తెరవాలని 2018లో రక్షణ శాఖ కంటోన్మెంట్లకు చెప్పిన తర్వాత కూడా, ఏ గేటు ఏ వేళకు తెరిచి ఉంటుందో కనుక్కుని పోవడం ఇక్కడివాళ్లకు అలవాటు. గేటు మూసి ఉంటే చుట్టు తిరగాలి, ఆ చుట్టులో ఎత్తయిన స్పీడ్ బ్రేకరూ ఉంటుంది, మట్టిదారీ ఉంటుంది. ఈ రోడ్డుకు కొలత తీస్తే ఏ సైకిలు తేలుతుంది?

కస్టం బండ్లలో చాలా భాగం 700సి చక్రాల మీద, 25 నుంచి 32 మిల్లీమీటర్ల సన్న టైర్ల మీద నడుస్తాయి. పాత మౌంటెన్ బైకుది 26 అంగుళాల చక్రం, రెండంగుళాల దరిదాపు టైరు. పేరుకు చిన్న చక్రమే గానీ లెక్కేస్తే, 700సి రిమ్ముకు టైరు కూర్చునేచోట వ్యాసం 622 మిల్లీమీటర్లు, 26 అంగుళాల రిమ్ముకు 559. టైర్ల మందం కలిపి చూస్తే రెండు చక్రాలకూ తేడా మూడు సెంటీమీటర్లకు మించదు. ఉన్న తేడా అంతా గాలిలో ఉంది. సన్న టైరులో 80 పాయింట్ల గాలి కొట్టాలి. అది గుంతలో పడితే ఆ దెబ్బ రిమ్ముకూ మణికట్టుకూ నేరుగా తగులుతుంది. లావు టైరుకు 40 పాయింట్లు చాలు, దెబ్బలో సగం అదే మింగేస్తుంది. మ్యాన్‌హోలు జాలీ సందులో సన్న టైరు దిగబడుతుంది, లావు టైరు పైనుంచి పోతుంది. స్పోకుల లెక్క కూడా చూడాలి. తేలికపాటి చక్రానికి 20, 24 స్పోకులే ఉంటాయి, ఒకటి విరిగితే చక్రం వంకరపోయి బ్రేకుకో ఫ్రేముకో తగిలి ఆగిపోతుంది. 36 స్పోకుల చక్రంలో ఒకటి విరిగితే టకటకమని చప్పుడు చేస్తూ ఇంటికి చేరుస్తుంది. మర్నాడు బెండు తీయించుకోవచ్చు.

చెడిపోవడం గురించి ఇంకొంచెం మాట్లాడాలి, ఎందుకంటే నా వాదన నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. రోజూ తిరిగే బండి చెడకుండా ఉండదు. చెడినచోట నుంచి ఎన్ని అడుగుల్లో బాగవుతుందన్నదే దాని గుణం. కార్ఖానా అన్న మాటకు అర్థమే పని జరిగే చోటు. ఈ పేటలోనూ, చుట్టుపక్కల పికెట్, కాకాగూడ, బాలంరాయి వీధుల్లోనూ గాలి యంత్రం, నీళ్ల తొట్టి, పానాల డబ్బా పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది బతుకుతున్నది స్కూటర్ల పంక్చర్ల మీద. పాత మౌంటెన్ బైకు ట్యూబుకు ఉండేది స్కూటరుకూ కారుకూ ఉండే వాల్వే; పెట్రోలు బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు. కస్టం బండికి తరచుగా ఉండేది సన్నని ప్రెస్టా వాల్వు. దానికి అడాప్టరు జేబులో లేకపోతే పక్కనే గాలి యంత్రం ఉన్నా నడిపించుకుంటూ పోవాల్సిందే. పాత బండి కేబుళ్లు ఫ్రేము పైనుంచి కంటికి కనబడుతూ పోతాయి, తెగితే పది నిమిషాల పని. కొత్త బండిలో అవి హ్యాండిల్‌లోంచి ఫ్రేము కడుపులోకి దూరిపోతాయి, ఒక్క కేబుల్ మార్చాలంటే ముందు భాగమంతా విప్పాలి. పెడల్ ఇరుసు తిరిగే కప్పులు పాత ఉక్కు ఫ్రేములో మర తిప్పి బిగించేవి. ఆ మరను ఇప్పటికీ బీఎస్ఏ మర అంటారు, ఇంగ్లండులో తుపాకులు చేసిన బర్మింగ్‌హామ్ కంపెనీ పేరు మీదుగా. వందేళ్లు దాటినా ఆ కొలత మారలేదు కాబట్టి దానికి సరిపోయే భాగం దొరుకుతూనే ఉంది. గుద్ది దింపే ప్రెస్ ఫిట్ రకాలకు ఇన్ని కొలతలు, ఇన్ని పేర్లు వచ్చాయంటే వాటిని అమ్మేవాళ్లకే గుర్తుండదు. బ్యాటరీతో మారే గేర్ల సంగతి ఇక ఎత్తను.

ఫ్రేము ఉక్కుదే ఎందుకన్నదానికీ ఇదే జవాబు. మంచి మౌంటెన్ బైకులకు ఆ రోజుల్లో క్రోమోలీ గొట్టాలు వాడేవారు, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. మోయాల్సిన బరువు ఒక హద్దు దాటనంతవరకు ఎన్ని లక్షల కుదుపులైనా ఉక్కు అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి కుదుపూ దాని ఖాతాలో ఎక్కుతూనే ఉంటుంది. అల్యూమినియం బండ్లు వట్టినే విరిగిపోతాయని దీనర్థం కాదు, తయారుచేసేవాళ్లు ఆ లెక్క ముందే వేసి గొట్టం లావు చేస్తారు. తేడా దెబ్బ తగిలాక తెలుస్తుంది. ఉక్కు ఫ్రేము ముందు వంగుతుంది, పగులు కనబడుతుంది, చప్పుడు చేస్తుంది. గ్యాస్ పెట్టి ఇత్తడితో అతకగల నిదానమైన చేయి దొరికితే మళ్లీ నడుస్తుంది. అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ కావాలి, అతికాక పోయిన గట్టిదనం తిరిగి రావడానికి కొలిమిలో వేడిమి లెక్క ప్రకారం పెట్టాలి. కార్బన్ ఫ్రేము లోపల చీలితే పైన రంగు నిగనిగలాడుతూనే ఉండొచ్చు. ఆటో రాసుకుపోయే అవకాశం రోజుకు రెండుసార్లు ఉన్నచోట ఏది నమ్మదగిందో వేరే చెప్పక్కర్లేదు.

మౌంటెన్ బైకు పుట్టుకే పాత బండిని ఇంకో పనికి పెట్టుకోవడంతో మొదలైందన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1970ల్లో శాన్ ఫ్రాన్సిస్కో పక్కన మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930ల నాటి బరువైన ష్విన్ సైకిళ్లను పాత సామాన్ల కొట్లలోంచి తెచ్చి, టమల్‌పాయస్ కొండ చుట్టూ మట్టిదారుల్లో కిందికి వదిలేవారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు కిందికి చేరేసరికి కాగిపోయి, ఇరుసులోని గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరితే తప్ప బండి పనికిరాదు. అందుకే అక్కడి పందేనికి రీప్యాక్ అని పేరు పడింది. జో బ్రీజ్ 1977లో ఆ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. గ్యారీ ఫిషర్, టామ్ రిచీ వంటివాళ్లు దాన్ని వ్యాపారం చేశారు, 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో పెద్ద ఎత్తున అమ్మకానికి దించింది. ఆ బండికి కావలసిన గుణాలు రాళ్ల దారి నిర్ణయించింది: లావు టైరు, నిటారుగా కూర్చునే హ్యాండిల్, గట్టి ఫ్రేము, ఎత్తు ఎక్కడానికి చిన్న గేరు. తర్వాతి ఏళ్లలో స్ప్రింగులు, హైడ్రాలిక్కులు వచ్చి చేరి ఆ బండి కొండకే పరిమితమైపోయింది. స్ప్రింగులు రాకముందటి ఆ పదిహేనేళ్ల సరుకు మాత్రం ఎటూ పోకుండా, మన రోడ్డుకు అచ్చుగుద్దినట్టు మిగిలింది. క్యారియర్, మడ్‌గార్డు బిగించుకోవడానికి ఫ్రేముకు రంధ్రాలు సహా. ఆ మారిన్‌కు గంటన్నర దూరంలో ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉన్న మన బంధువుల గ్యారేజీ మూలన అలాంటిది ఒకటి దుమ్ముకొట్టుకుని ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇక్కడో అభ్యంతరం వస్తుంది. అవన్నీ అమెరికా సరుకు, కార్ఖానాలో ఎక్కడ దొరుకుతాయని. నిజమే, అచ్చంగా ఆ క్రోమోలీ బండ్లు ఇక్కడ అరుదు. మన తరానికి తెలిసిన మౌంటెన్ బైకు హెర్క్యులస్ ఎంటీబీ, హీరో రేంజర్. మామూలు ఉక్కు, గేర్లు లేవు, బరువు ఎక్కువ. ఆ రెండూ ఒకటేనని చెప్పి మోసం చేయను. కానీ ఇంటి నుంచి జేబీఎస్ మెట్రో దాకా రెండు మూడు కిలోమీటర్లే అయితే రేంజర్ కూడా ఆ పని చేసి పెడుతుంది. దూరం పది దాటితే, ఎత్తుపల్లాలు ఎక్కువైతే, క్రోమోలీ ఫ్రేముతో వచ్చిన గేర్ల బండి కోసం కొన్ని నెలలు ఓపిక పట్టడంలో అర్థముంది. తొంభైల చివర నుంచి ముందూ వెనకా స్ప్రింగులతో వచ్చిన చవక బండ్ల జోలికి మాత్రం పోవద్దు. తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది, తుప్పు పట్టాక ఊపడం కూడా మానేస్తుంది. కొనే ముందు హ్యాండిల్ గొట్టం ఫ్రేముతో కలిసేచోట పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడాలి, సీటు గొట్టం కదులుతోందో లేదో తిప్పి చూడాలి. ఏళ్లుగా బిగుసుకుపోయిన సీటు గొట్టం ఉన్న బండి ఎంత చవకైనా దండగే.

పాత సైకిలు అనగానే వెనకటి రోజుల మీద మోజని కొట్టిపారేసేవాళ్లుంటారు. వెనకటి రోజుల్లో నేర్చుకోదగ్గది ఒకటుంది: సైకిల్ టాక్సీ. గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టును తెలంగాణ పట్టణాల్లో అలాగే పిలిచేవారు. పొద్దున్నుంచి రాత్రి దాకా పదిమంది చేతులు మారే ఆ బండి ఎవరి ఒంటి కొలతకూ చేసింది కాదు. సీటు పైకీ కిందికీ జరిగితే చాలు, పొట్టివాడూ పొడుగువాడూ తొక్కారు. ఏ భాగం పోయినా అదే కొట్టులో సాయంత్రంలోగా మారేది. అద్దె వ్యాపారం గిట్టింది ఆ ఒక్క గుణం వల్లే.

బరువు సంగతి చాలామందికి పట్టుకునే అనుమానం. కస్టం బండి తొమ్మిది కిలోలు, పాత క్రోమోలీ బండి పద్నాలుగు అనుకుందాం. అయిదు కిలోల తేడా మీద ఎంత నష్టపోతాం? బడిలో చదివిన భౌతికశాస్త్రం చాలు. ఇరవై మీటర్ల నిలువు ఎత్తు ఎక్కడానికి ఆ అయిదు కిలోలు అదనంగా అడిగే శక్తి సుమారు 980 జౌళ్లు. మామూలుగా తొక్కే మనిషి పెట్టే బలం వంద వాట్లనుకుంటే, అది పది సెకన్ల పని. తిరుమలగిరి కూడలిలో ఒక్క ఎర్రలైటు అంతకు ఎన్నో రెట్లు తింటుంది. చదును దారిలో బరువు తేడా దాదాపు తెలియదు. అక్కడ ఆపేది గాలి, టైరు గరుకు. కొండకోసం చేసిన గుబ్బల టైర్లతో రోడ్డు మీద తొక్కితే బండి నిజంగానే గోలపెడుతుంది, కాళ్లు లాగుతాయి. కాబట్టి పాత బండి తెచ్చిన మొదటి రోజే గుబ్బల టైర్లు తీసేసి నున్నటివి వేయించాలి. ఆ ఒక్క మార్పుతో అది వేరే సైకిలవుతుంది.

ఒంటి కొలత వాదన ఇంతకన్నా గట్టిది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సరిపడని సైకిలు నడుమునూ మోకాలినీ పాడుచేస్తుంది. హైదరాబాద్ ర్యాండనీర్స్ నడిపే 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలనే సుదూర సవారీల్లో రాత్రీ పగలూ సీటు మీద గడిపేవారికి ఒక్క సెంటీమీటరు తేడా కూడా మెడనొప్పిగా తేలుతుంది. వాళ్లు కొలతలు తీయించుకోవడం సబబే. అయిదడుగుల లోపు ఉన్న ఆడవాళ్లకూ, ఆరడుగులు బాగా దాటినవారికీ దుకాణాల్లో సరైన ఫ్రేము దొరకకపోవడం కూడా నిజం. వాళ్లకు నా వాదన పూర్తిగా వర్తించదు. మిగిలినవారి మాటకొస్తే, మనిషి సైకిలును తాకేది మూడేచోట్ల: సీటు, హ్యాండిల్, పెడల్. దాదాపు సరిపడే ఫ్రేము దొరికితే, సీటు ఎత్తూ ముందువెనకలూ, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ పొడవూ మార్చుకుని ఇరవై నిమిషాల ప్రయాణానికి కావలసినంత కుదుర్చుకోవచ్చు. ఆ మార్పులన్నీ వందల రూపాయల్లో అయ్యేవి. రోడ్డుకు సరిపడని ఫ్రేమును మాత్రం ఏ స్టెమ్మూ సరిచేయదు.

వానలో బ్రేకుల దగ్గర నేను కొంత ఒప్పుకోవాలి. డిస్కు బ్రేకు తడిలో మెరుగ్గా పట్టుకుంటుంది, అందులో సందేహం లేదు. హెర్క్యులస్, రేంజర్ వంటి పాత బండ్లకు ఉండే మెరుగు పూత ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బరు జారిపోతుంది. జులై వానలో రాజీవ్ రహదారి మీద అది ప్రమాదమే. ఉక్కు ఫ్రేమును ఇంత పొగిడినవాడిని, రిమ్ములు మాత్రం అల్యూమినియంవే వేయించాలని అంటాను. వాటికి కొత్త బ్రేకు రబ్బర్లు బిగిస్తే, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలో ఆగాల్సినచోట ఆగుతుంది. తుప్పు భయం ఉప్పుగాలి ఊళ్లది. విశాఖలో అయితే ఈ వ్యాసం వేరేలా రాయాలి. దక్కన్ పొడిగాలిలో ఏడాదికోసారి సీటు గొట్టం తీసి లోపలికి కాస్త నూనె పోసి, ఓవరాయిలింగ్ చేయించుకుంటే ఫ్రేము తరతరాలుంటుంది. విడిభాగాల విషయానికొస్తే, ఏడు గేర్ల ఫ్రీవీలు, 26 అంగుళాల టైరు ఇప్పటికీ కొత్తవి వస్తున్నాయి. 2025 సెప్టెంబరు నుంచి సైకిళ్ల మీదా వాటి భాగాల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది; పాతదాన్ని బతికించుకునేవాడికీ ఆ తగ్గింపు అందుతుంది.

దొంగతనం భయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కస్టం బండిని ఇంట్లో కూర్చోబెట్టేది అదే. టీ కొట్టు ముందు, బ్యాంకు మెట్ల దగ్గర, మెట్రో స్టేషన్ కింద వదిలి పోలేని బండి రోజువారీ బండి కాలేదు. చివరికి అది ఆదివారం పొద్దున కారు వెనక కట్టుకుని అవుటర్ రింగు రోడ్డు పక్కకు పోయే ఆటవస్తువవుతుంది. 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ ట్రాక్ అక్కడే, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. మంచి ట్రాకే, నీడ ఉంది, నునుపుంది. కార్ఖానా నుంచి ఆఫీసుకు పోయేవాడికి అది నగరానికి అవతలి అంచు.

ఏ సైకిలెక్కినా ఆ రోడ్డు మీద బస్సు కిందే కదా, ఈ చర్చంతా ఎందుకని ఒక కటువైన ప్రశ్న ఉంది. ఉక్కు ఫ్రేము బస్సును ఆపదు. కానీ 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో వందలో 45 ఇళ్లకు సైకిలుంది. ఇలాంటి రోడ్ల మీద సైకిలుతో తిరుగుతున్నవాళ్లకు బండి ఎంచుకునే తీరిక లేదు, వాళ్ల కోసమైనా రోడ్డు మారాలి. అది మారడానికి ఈ సైకిలు ఎంపికతో సంబంధం ఉంది. వాన చినుకు పడినా, రోడ్డు తవ్వినా బయటికి తీయగల బండి ఉన్నవాడు రోజూ ఆ రోడ్డు మీద కనిపిస్తాడు. రోజూ కనిపించేవాడి తరఫున అడగడం సులువు. అడగాల్సినవి పెద్దవి కూడా కావు. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా మెట్రో నడవడం మొదలైన జేబీఎస్ పరేడ్ గ్రౌండ్స్ స్టేషన్ కింద, కాపలా మనిషి కళ్ల ముందు, సైకిలు ఫ్రేముకు తాళం వేసుకునే ఇనుప కమ్మీలు కావాలి. కారిడార్ పనుల కోసం రోడ్డు పక్క సర్దేటప్పుడు పంక్చరు దుకాణాలను ఆక్రమణలని ఎత్తేయకూడదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సరుకు అమ్మేవారితో పాటు సేవలు చేసేవారినీ వీధి వ్యాపారులుగానే లెక్కిస్తుంది, స్థానిక సంస్థలన్న మాటలో కంటోన్మెంట్ బోర్డునూ పేరుపెట్టి చేర్చింది. కారిడార్ నక్షాలో స్తంభాల మధ్య జాగా ఎవరికిస్తారన్నది తేల్చేటప్పుడు గాలి యంత్రం పెట్టుకున్న ఆ మనిషికి ఒక చదరం గీయడానికి బోర్డుకు చట్టం అడ్డు రాదు.